బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోందా? కొలవకుండా డిస్కులు మార్పించకండి: తిరుపతి, చిత్తూరు కారు ఓనర్లకు హెచ్చరిక

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కారు బ్రేకులు చేయించుకునేవాళ్లు దయచేసి ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. డిస్కు అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం, బ్రేకు తొక్కితే ప్యాడ్లు రెండు వైపులా దాన్నే అదిమి పడతాయి. తిరిగేటప్పుడు అది ఎంత ఊగుతుందో డయల్ గేజి అనే ముల్లు మీటరు పెట్టి కొలిచి, ఆ రీడింగు మీ కళ్లకు చూపించకుండా ఎవరు డిస్కులు మార్చాలన్నా ఒప్పుకోవద్దు.

జరుగుతున్నది ఇది. కారు చంద్రగిరి దాటి చిత్తూరు వైపు 90, 100లో పోతుంటుంది. బ్రేక్ మీద కాలు పడగానే స్టీరింగ్ చేతుల్లో గడగడా కొట్టుకుంటుంది. గ్యారేజీకి తీసుకుపోతే చక్రం ఊడదీయకముందే తీర్పు వచ్చేస్తుంది: "అన్నా, డిస్కులు బెండయినాయి, సెట్టు మార్చేద్దాం." ముందు డిస్కులు రెండూ, ప్యాడ్లు, లేబరు, దాని మీద వీల్ అలైన్‌మెంటు. ట్రయల్‌కు పోతే కారు నున్నగా ఆగుతుంది. డబ్బు కట్టి వచ్చేస్తారు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి అదే వణుకు మళ్లీ మొదలు. తిరిగి పోతే, "కొండ దిగేటప్పుడు మీరు బ్రేకు ఎక్కువ తొక్కినారు" అంటారు.

ట్రయల్‌లో ఈ తప్పు ఎందుకు బయటపడదో తెలిస్తే మోసపోరు. డిస్కు, చక్రం బిగించే మధ్య దిమ్మ హబ్బు. దాని ముఖం మీద తుప్పు పెచ్చు ఉంటే కొత్త డిస్కు కూడా వెంట్రుకవాసి వాలుగా కూర్చుంటుంది. కొత్తలో డిస్కు మందం అంతటా ఒకటే కాబట్టి ప్యాడ్లను పట్టుకుని ఉండే కాలిపర్ దాంతోపాటు అటూ ఇటూ కదిలి సర్దుకుంటుంది, మీ చేతికి ఏమీ తెలియదు. కానీ బ్రేకు తొక్కకపోయినా ఆ ఎత్తు భాగం ప్రతి చుట్టులో ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. 185/65 ఆర్15 టైరైతే 100 స్పీడులో చక్రం సెకనుకు దాదాపు 14 సార్లు తిరుగుతుంది. అన్నిసార్లూ రాసుకుని రాసుకుని ఆ చోటు పలచబడుతుంది. ఇక బ్రేకు తొక్కితే ప్యాడ్ల మధ్యకు ఒకసారి మందం, ఒకసారి పలచన వస్తాయి, పట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ దెబ్బలే స్టీరింగ్‌లోకి వచ్చేది. ఈ తేడా 0.02 మిల్లీమీటర్లు ఉన్నా చాలు. తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా లేదది. కంటితో చూసి, వేలితో తడిమి "బెండు" అని చెప్పడం ఎవరివల్లా కాదు.

ఇలా ఒకసారి డిస్కులు మార్చి మళ్లీ వణుకు పట్టిన ఒక చిన్న కారు లెక్క చూడండి. ఎడమ డిస్కు ఊగు 0.13 మిల్లీమీటర్లు. డిస్కు విప్పితే హబ్బు మీద, నట్లు ఎక్కే స్టడ్ల మొదళ్ల చుట్టూ ఎర్రటి తుప్పు పెచ్చులు, డిస్కు వెనకవైపు అచ్చం అదే ఆకారంలో మరక. వైర్ బ్రష్‌తో, ఎమెరీ పేపరుతో శుభ్రం చేసి అదే డిస్కు బిగిస్తే 0.04. అప్పటికే అరిగిన తేడాను లేత్ మీద సన్నగా ఫేసింగ్ చేసి, అంటే డిస్కు ముఖాన్ని చదునుగా చెక్కి, తీసేశారు, ప్యాడ్లు కొత్తవి వేశారు. మొదటిసారే పావుగంట తుప్పు గీకి ఉంటే డిస్కుల ఖర్చే తగిలేది కాదు.

గ్యారేజీకి పోకముందే మీరు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బ్రేకు ముట్టుకోకుండానే 80, 100 మధ్య వణికితే అది బ్రేకు సమస్య కాదు. వీల్ బ్యాలెన్సింగు, టైరు ఉబ్బు, రిమ్ము వంపు చూపించండి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వణికితే డ్రైవ్ షాఫ్టు జాయింట్లు. బ్రేకు తొక్కినప్పుడే, స్టీరింగ్‌లో తెలిస్తే చాలావరకు ముందు డిస్కులు. సీటులో, నడుముకు తెలిస్తే వెనక డ్రమ్ములనో డిస్కులనో అనుమానించాలి. గట్టిగా తొక్కితే పెడల్ టకటకా తన్నడం, అదీ ఇసుక మీదో తడి మీదో అయితే, చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తున్న గుర్తే. దానికి ఖర్చు పెట్టకండి. అలైన్‌మెంటుకు ఈ వణుకుతో సంబంధం లేదు. బండి ఒక పక్కకు లాగినా, టైరు ఒక అంచున అరిగినా అది చేయించాలి గానీ, బ్రేకు వణుకు బిల్లులో దాన్ని కలిపితే ఎందుకని అడగండి.

కొలత సరిగా ఎలా తీస్తారో తెలుసుకుని దగ్గరుండి చేయించండి. చక్రం తీశాక వాషర్లు వేసి నట్లన్నీ మళ్లీ సమానంగా బిగించాలి, లేకపోతే డిస్కు వదులుగా ఉండి రీడింగు అబద్ధం చెబుతుంది. గేజి స్టాండు కదలని భాగానికి పెట్టి, ముల్లు డిస్కు అంచు నుంచి 10 మిల్లీమీటర్లు లోపల ఆనించి ఒక చుట్టు నిదానంగా తిప్పాలి. చాలా కార్లకు 0.05 లోపుంటే మంచిది, 0.1 దాటితే ఎక్కువే. ఎక్కువొస్తే డిస్కుకూ హబ్బుకూ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, డిస్కును ఒక రంధ్రం జరిపి మళ్లీ కొలవమనండి. ఎత్తు డిస్కుతోపాటు జరిగితే తప్పు డిస్కుది. హబ్బు గుర్తు దగ్గరే ఉండిపోతే హబ్బుదో, బేరింగుదో, తుప్పుదో. ఈ ఒక్క పరీక్ష చేయని చోట డిస్కులు కొనడం డబ్బు పారేసుకోవడమే. తర్వాత మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలవాలి. డిస్కు మీద 'మినిమమ్ థిక్‌నెస్' అంకె అచ్చువేసి ఉంటుంది. ఫేసింగ్ తర్వాత దానికన్నా తగ్గేటట్టుంటే ఫేసింగ్ వద్దు, రెండు వైపులా కొత్తవి వేయాల్సిందే.

కాలిపర్ అటూ ఇటూ కదలడానికి ఉండే స్లైడ్ పిన్నులు చేత్తో జారుతున్నాయో లేదో చూపించమనండి. పట్టేసి ఉంటే ఒక ప్యాడ్ అరిగిపోయి రెండోది కొత్తదానిలా ఉంటుంది, ఆ చక్రం మిగతావాటికన్నా కాలుతుంది. పిన్నులకు రాయాల్సింది బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు, మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి.

చక్రం బిగించేటప్పుడు నట్లు తిప్పే గాలి గన్నుతో టకటకా కొట్టి వదిలేస్తే అన్ని నట్లకూ ఒకే బిగువు రాదు, డిస్కు వాలుతుంది. పంచరు షాపులో కూడా ఇదే గన్ను, గుర్తుంచుకోండి. ఎదురెదురు నట్లు బిగిస్తూ, చివర బిగువు కొలిచే టార్క్ రెంచితో మాన్యువల్లో ఉన్న అంకెకు సరిచేయాలి.

తిరుమల ఘాటు సంగతి. దిగేటప్పుడు రెండో గేరులో ఉండి ఇంజను పట్టు వాడకుండా బ్రేకు మీదే కాలు ఆనించి వస్తే డిస్కులు బాగా కాగుతాయి. కింద అలిపిరి దగ్గర ఆగి పెడల్ అలాగే నొక్కి ఉంచితే ప్యాడ్ పదార్థం ఒకే చోట అచ్చు పడుతుంది, వణుకు అక్కడ మొదలవుతుంది. కాగిన డిస్కుల మీద నీళ్లు కొట్టించడం ఇంకా చెడ్డది, కనీసం అరగంట ఆగండి. కొత్త ప్యాడ్లు వేయించిన రోజే కొండెక్కకండి. ముందు ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది పది సార్లు మెల్లగా తగ్గించి ప్యాడ్లను కుదురుకోనివ్వండి.

బిల్లు కట్టే ముందు పాత డిస్కులు, ప్యాడ్లు, కొత్తవాటి డబ్బాలు అడిగి తీసుకోండి. బిగించాక డిస్కు ఊగు ఎంతో, మందం ఎంతో బిల్లు మీదే రాయించండి. మళ్లీ వణికితే మాట్లాడటానికి మీ చేతిలో ఉండేది ఆ కాగితమే.

వణుకుతోపాటు బండి ఒక పక్కకు లాగుతున్నా, చక్రం దగ్గర మాడు వాసన వస్తున్నా, పెడల్ మెత్తగా లోపలికి పోతున్నా ఆ కారుతో ఘాటు రోడ్డు ఎక్కవద్దు. బ్రేక్ ఆయిలు మార్చి రెండేళ్లు దాటి ఉంటే ముందు అది మార్పించండి. గాలిలో తేమ పీల్చి పీల్చి డాట్ 4 రకం బ్రేక్ ఆయిలు మరిగే వేడి 230 డిగ్రీల నుంచి 155 దాకా పడిపోగలదు. దిగుడులో ఆయిలు మరిగితే పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు.