లైఫ్‌లైన్: ఫ్రీ మొబైలా, ఇంటర్నెట్ బిల్లులో తగ్గింపా? ఏది మేలు?

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఫోన్, ఇంటర్నెట్ ఖర్చులో సాయపడే ప్రభుత్వ పథకం లైఫ్‌లైన్ 1985 నుంచి ఉంది. స్నాప్ (తిండి ఖర్చుకి సాయం), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ల వైద్య బీమా) లాంటివి వస్తున్నా, ఆదాయం ఫెడరల్ పేదరిక పరిమితికి 135 శాతం లోపున్నా చాలు. సాయం మామూలుగా నెలకి 9.25 డాలర్ల వరకు. చిక్కల్లా ఇంటికి ఒక్కటే ఇస్తారు. మొబైల్‌కి పెట్టుకుంటే ఇంటర్నెట్‌కి ఉండదు.

ఫ్రీ మొబైల్‌లో కంపెనీ ఆ 9.25 తను తీసుకుని మనకి బిల్లు పంపదు. మొబైల్ డేటా ప్లాన్ అయితే కనీసం 4.5 జీబీ ఇవ్వాలి. డాక్టర్ ఆఫీసుకి ఫోన్లు చేసుకోవడానికి ఇబ్బంది లేదు గానీ, రోజూ వాట్సాప్‌లో మనవడి ముఖం చూడాలంటే నెలాఖరు దాకా రాదు. హ్యాండ్‌సెట్ కూడా వస్తుందని చాలామంది అనుకుంటారు. అది కంపెనీ ఇష్టం, పథకంలో లేదు.

అసలు మెలిక వేరే ఉంది. బిల్లు లేని లైన్‌ని 30 రోజులు వాడకపోతే నోటీసు ఇస్తారు, ఇంకో 15 రోజులు చూసి తీసేస్తారు. మా పిన్ని సంక్రాంతికి గుంటూరు వెళ్లి ఏడు వారాలుంది. తన ఫ్రీ మొబైల్‌ని స్విచాఫ్ చేసి సూట్‌కేసులో పడేసింది. తిరిగొచ్చేసరికి నంబర్ లేదు. బ్యాంక్ ఓటీపీలన్నీ దానికే! కొత్త నంబర్ పెట్టించుకోవడానికి గుర్తింపు కాగితాలు పట్టుకుని బ్రాంచికి రెండుసార్లు తిరగాల్సి వచ్చింది.

నెలనెలా బిల్లు కట్టే ఇంటర్నెట్‌కి ఈ 30 రోజుల గొడవ లేదు. కాకపోతే 50 డాలర్ల బిల్లులో 9.25 పోతే మిగిలేది 40 పైనే. ఇంటర్నెట్ బిల్లుకి నెలకి 30 డాలర్ల దాకా ఇచ్చిన ఏసీపీ అనే ఇంకో ప్రభుత్వ పథకం ఉన్నప్పుడు ఈ లెక్క వేరుగా ఉండేది, అది 2024 జూన్ 1తో ఆగిపోయింది. పైగా అన్ని ఇంటర్నెట్ కంపెనీలూ లైఫ్‌లైన్ తీసుకోవు, ముందే అడగాలి.

ఊళ్లోనే ఉండి, చేతిలో వేరే ఫోన్ లేనివాళ్లయితే కళ్లు మూసుకుని ఫ్రీ మొబైల్ తీసుకోవచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలున్నా, ఏటా ఇండియా ప్రయాణాలున్నా ఇంటర్నెట్ తగ్గింపే నయం. ఏది తీసుకున్నా ఏటేటా అర్హత మళ్లీ చూస్తారు, దాని గురించి వచ్చే ఉత్తరాన్ని చెత్త మెయిల్ అనుకుని పారేయకండి.

పిన్ని ఇప్పుడు తగ్గింపుని ఇంటర్నెట్‌కి మార్చుకుంది. మనవడు వైఫైలో కనిపిస్తాడు. బయటికెళ్తే వాడుకోవడానికి, బ్యాంక్ ఓటీపీలకి చిన్న ప్రీపెయిడ్ సిమ్ కొనుక్కుంది.