కరెంటు పోయినా చేపలు బతకాలి: ఇంటి అక్వేరియంలో నేను వాడిన ఫిల్టర్లు

మా ఇంట్లో రెండు ట్యాంకులున్నాయి. చిన్నది రెండడుగులది, 50 లీటర్ల నీళ్లు పడతాయి, అందులో గప్పీలు, మాలీలు. పెద్దది మూడడుగులది, 160 లీటర్ల పైచిలుకు, అందులో గోల్డ్ ఫిష్. లాక్‌డౌన్‌కి ముందు నుంచీ నడుస్తున్నాయి. ఇన్నేళ్లలో మన షాపుల్లో దొరికే ఫిల్టర్లు దాదాపు అన్ని రకాలూ వీటికి పెట్టి చూశాను. ఏ ఫిల్టరు కొనమంటారని ఎవరైనా అడిగితే, ట్యాంకు సైజు కంటే ముందు నేనడిగేది మీ ఏరియాలో కరెంటు ఎంతసేపు పోతుందని.

ఎందుకంటే ఫిల్టరు చేసే పనిలో చెత్త పట్టడం సగమే. మిగతా సగం కంటికి కనిపించదు. చేపలు వదిలే వ్యర్థాల నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. స్పాంజి మీద, సెరామిక్ రింగుల మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషం. నైట్రేట్‌తో అంత ప్రమాదం లేదు, వారం వారం కొంత నీరు మారుస్తుంటే అదుపులో ఉంటుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కుదురుకున్నాక కూడా దానికి ఆక్సిజన్ ఉన్న నీళ్లు ఎడతెగకుండా అందుతూ ఉండాలి. మోటారు ఆగితే అది కూడా ఉక్కిరిబిక్కిరవుతుంది.

మాది విజయవాడ. మే నెలలో మా ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలు దాటుతాయి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర కరిగేది ఏడున్నరే. పైగా మా బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపు భాగం ఇంచుమించు పదింతలవుతుంది. చలి దేశాల వాళ్లు చేసిన వీడియోల్లో హీటర్ గురించి గంట చెబుతారు, కరెంటు పోతే ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పరు. మనకు కావలసింది ఆ ముక్కే.

రెడీమేడ్ ట్యాంకులకు మూతలోనే అమర్చి వచ్చే టాప్ ఫిల్టరుతో మొదలుపెడతాను. నీటిని పైకి లాగి, దూదిలాంటి ఫ్లాస్ మీదుగా మళ్లీ ట్యాంకులోకి జార్చడం దాని పద్ధతి. చెయ్యి తడవకుండా శుభ్రం చేసుకోవచ్చు, నీళ్లు పైనుంచి పడతాయి కాబట్టి గాలి బాగా కలుస్తుంది. కానీ ట్రే చిన్నది, ఫ్లాస్ తొందరగా మూసుకుపోయి నీళ్లు పక్కనుంచి పొర్లిపోతాయి. అందులో సగం ఫ్లాస్ తీసేసి సెరామిక్ రింగులు నింపాక పనితనం చాలా మెరుగుపడింది.

నీళ్లలో మునిగి ఉండే ఇంటర్నల్ పవర్ ఫిల్టరు చవక, బిగించడం తేలిక. స్పాంజి ముక్క చిన్నది కావడంతో త్వరగా నిండుతుంది. గప్పీలకు దాని ధాటి ఎక్కువ, తోకలు బరువై ఈదలేక మూలకు చేరతాయి. పిల్లలు పుడితే నేరుగా లోపలికి లాగేస్తుంది. గప్పీలు పెంచేవాళ్లకి ఇది వద్దు. ఇంకో మాట, మోటారు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి ప్లగ్ పీకకుండా ట్యాంకులో చెయ్యి పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి.

అట్టపెట్టె మీద రాసిన అంకె గురించి ఇక్కడే చెప్పాలి. గంటకు 800 లీటర్లు అని రాసి ఉంటే, అది లోపల స్పాంజీ రింగులూ ఏమీ లేకుండా, నీటిని ఎత్తుకు తోయకుండా కొలిచిన లెక్క. బకెట్‌తో మీరే కొలుచుకోవచ్చు. నీళ్లు బయటికొచ్చే పైపును బకెట్‌లో పెట్టి టైము చూడండి. 10 లీటర్ల బకెట్ 90 సెకన్లలో నిండితే గంటకు 400 లీటర్లన్నమాట. ట్యాంకులో పట్టే నీళ్లకు నాలుగైదు రెట్లు గంటలో తిరిగితే మామూలు చేపలకు సరిపోతుంది. గోల్డ్ ఫిష్ ఎక్కువ పాడు చేస్తాయి కాబట్టి వాటికి ఇంకా ఎక్కువ కావాలి.

అద్దానికి వెనక తగిలించే హ్యాంగ్ ఆన్ బ్యాక్ చూడ్డానికి బాగుంటుంది, ట్యాంకులో చోటు తినదు. దీనితో వచ్చే కార్ట్రిడ్జ్‌ను, అంటే లోపల పెట్టే రెడీమేడ్ ఫిల్టరు ముక్కను, నెలనెలా మార్చమంటారు, నేను మార్చను. కుదురుకున్న బ్యాక్టీరియా అంతా దాని మీదే ఉంటుంది, పారేస్తే ట్యాంకు మళ్లీ మొదటికొస్తుంది. కార్ట్రిడ్జ్ బదులు ముతక స్పాంజి కోసి పెట్టాను, అది ఇప్పటికీ అలాగే ఉంది. మా నీళ్లతో దీనికి వచ్చిన చిక్కు సున్నం. బోరు నీళ్ల సున్నం ఇంపెల్లరు (మోటారులో నీటిని తోసే చిన్న చక్రం) చుట్టూ తెల్లగా పేరుకుని, మోటారు గరగరమని మోగుతుంది. ఇంపెల్లరు ఊడదీసి కాసేపు వెనిగర్‌లో నానబెట్టి, బాగా కడిగి పెడితే శబ్దం పోతుంది.

ఇక క్యానిస్టర్. ట్యాంకు కింద స్టాండులో కూర్చునే డబ్బా ఇది. లోపల బుట్టలు బుట్టలుగా స్పాంజి, రింగులు, పైన ఫ్లాస్ నింపుకుంటాం. గోల్డ్ ఫిష్ ట్యాంకులో నీళ్లు అద్దంలా కనిపించింది దీన్ని పెట్టిన తర్వాతే. శబ్దం కూడా లేదు. ఖరీదు వేలల్లో ఉన్నా పెద్ద ట్యాంకుకు ఆ డబ్బు దండగ కాదని నా అభిప్రాయం. కానీ ఇది మూసి ఉన్న డబ్బా. కరెంటు పోయిన కాసేపటికి లోపల మిగిలిన ఆక్సిజన్‌ని బ్యాక్టీరియానే వాడేసుకుంటుంది, ఆ తర్వాత అది చచ్చి నీళ్లు కుళ్లడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లన్నీ ఒక్కసారిగా చేపల మీదికి వస్తాయి. అందుకే రెండు గంటలకు మించి కరెంటు పోతే క్యానిస్టర్ స్విచ్ ఆపెయ్యాలని మా ఇంట్లో అందరికీ నేర్పాను. కరెంటు వచ్చాక మూత తీసి, లోపలి నీళ్లు పారబోసి, స్పాంజిని ట్యాంకు నీళ్లలోనే జాడించి, అప్పుడు మళ్లీ నడిపిస్తాం. కుళాయి నీళ్లతో కడగకూడదు, మున్సిపాలిటీ నీళ్లలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాని చంపేస్తుంది. రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు రాయడం మరవకండి, అది ఎండి పగిలితే నీళ్లు కారతాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరికీ చెప్పేది స్పాంజి ఫిల్టరు. ఎయిర్ పంపు పంపే గాలి బుడగలు గొట్టంలో పైకి వెళ్తూ నీటిని లాగుతాయి, ఆ నీళ్లు స్పాంజి గుండా వస్తాయి. నీళ్లలో తిరిగే భాగమే లేదు, పాడవ్వడానికేముంది? ఖరీదు కొన్ని వందలు. చేప పిల్లలు లోపలికి పోవు. స్పాంజి మీద పట్టిన పాచిని అవి పొడుచుకు తింటాయి కూడా. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే చిన్న పంపుకు ట్యూబు మార్చేస్తే చాలు, ఫిల్టరు ఆగదు. 5 వాట్ల పంపు నెలంతా తిరిగినా మూడున్నర యూనిట్లు కాలుతుంది. అదే 20 వాట్ల క్యానిస్టర్‌కు పద్నాలుగు యూనిట్లు దాటుతుంది.

దీన్లో నచ్చనివీ ఉన్నాయి. ట్యాంకులో నల్లగా కనిపిస్తూనే ఉంటుంది, వెనక మొక్కలు పెంచి దాచాలి. సన్నని నలకల్ని అంతగా పట్టదు, కాబట్టి గోల్డ్ ఫిష్‌కు ఇదొక్కటే చాలదు. బుడగల గుడగుడ పడగ్గదిలో ఇబ్బందిగా ఉంటుంది. గొట్టం లోపల చిన్న ఎయిర్ స్టోన్ బిగిస్తే బుడగలు సన్నబడి చాలావరకు తగ్గుతుంది. ట్యూబులో నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరిగా పెట్టండి. పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబులోంచి వెనక్కి వచ్చి పంపును పాడు చేస్తాయి.

ఇప్పుడు చిన్న ట్యాంకులో రెండు స్పాంజీలు మాత్రమే ఉన్నాయి. ఒకదాన్ని ఈ వారం కడిగితే రెండోదాన్ని కొన్ని వారాల తర్వాత కడుగుతాను, రెండూ ఒకేసారి ఎప్పుడూ కడగను. పెద్ద ట్యాంకులో క్యానిస్టర్‌కు తోడు ఒక పెద్ద స్పాంజి ఉంది. క్యానిస్టర్ ఆగినా అది ఇన్వర్టర్ మీద నడుస్తుంది. ఎవరైనా కొత్తగా ట్యాంకు పెడుతుంటే, నెల రోజుల ముందు చెప్పమంటాను. వాళ్ల కొత్త స్పాంజిని నా ట్యాంకులో నడిపి, బ్యాక్టీరియా పట్టాక తడి ఆరకుండా ట్యాంకు నీళ్లతోనే ఇచ్చి పంపిస్తాను. ఆ ట్యాంకులో చేపల్ని మొదట్లోనే వదలొచ్చు, కొద్దికొద్దిగా.

కొనేటప్పుడు స్పాంజి దగ్గర కాదు, పంపు దగ్గర ఖర్చు పెట్టండి. షాపులోనే ప్లగ్ పెట్టించి, నేల మీద ఉంచి శబ్దం వినండి. లోపల గాలిని తోసే రబ్బరు పొర, అంటే డయాఫ్రం, కొంతకాలానికి సాగిపోయి గాలి తగ్గిపోతుంది, అది విడిగా దొరికే మోడలే తీసుకోండి.