డెక్ కదల్లేదు, మెట్లు లేచాయి: మినెసోటాలో ఆరు చలికాలాల తర్వాత

మా డెక్, అంటే ఇంటి గోడకి ఆనించి స్తంభాల మీద కట్టే బల్లల అరుగు, 2019 జూన్‌లో పూర్తయింది, ఇప్పటికి ఆరు చలికాలాలు చూసింది. అప్పట్లో మా కాంట్రాక్టర్ గురించి ఎవరడిగినా కళ్ళు మూసుకుని పని ఇచ్చేయండి అని చెప్పేవాణ్ణి, మేపుల్ గ్రోవ్ గుడిలో కలిసినవాళ్ళకి కూడా నంబర్ ఇచ్చాను, నా మాట మీద ముగ్గురు కట్టించుకున్నారు. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకోవాల్సి వచ్చింది, అందుకే ఇది రాస్తున్నా. బోర్డులు, రంగులు, లైట్లు లాంటివి ఎక్కడైనా దొరికే సమాచారమే కాబట్టి వాటి జోలికి పెద్దగా వెళ్ళను, నేను చెప్పాలనుకున్నది భూమి లోపల ఉన్న వాటి గురించి.

పాత డెక్ ఇల్లు కొన్నప్పుడే ఉంది. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్ పడింది, ఆ వెంటనే ఫిబ్రవరి నెల ఒక్కదాంట్లోనే 39 అంగుళాల మంచు కురిసింది, ట్విన్ సిటీస్‌లో, అంటే మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో, అది ఫిబ్రవరి రికార్డు. రాత్రిపూట చెక్క ఫట్‌మని పేలినట్టు చప్పుళ్ళు వచ్చేవి, పిల్లలు లేచి కూర్చునేవాళ్ళు. ఏప్రిల్‌లో మంచు కరిగాక చూస్తే ఒక మూల పైకి లేచి డెక్ మొత్తం ఇంటివైపు ఒరిగింది, వాన నీళ్ళన్నీ పేషియో డోర్ గడప దగ్గరకే వచ్చి ఆగుతున్నాయి. ఇక లాభం లేదని కొత్తది కట్టిద్దామనుకున్నాం.

ముగ్గురి దగ్గర కోట్‌లు, అంటే ధర అంచనాలు తీసుకున్నాం. అన్నిటికంటే తక్కువ చెప్పినతను 36 అంగుళాలు తవ్వితే చాలండీ, పర్మిట్ కూడా వద్దు, అదో ఖర్చు తగ్గుతుంది అన్నాడు. ట్విన్ సిటీస్ వైపు ఫుటింగ్, అంటే స్తంభం కింద పునాది, కనీసం 42 అంగుళాల లోతు ఉండాలి, రాష్ట్రం ఉత్తరం వైపు వెళ్తే 60, ఇది రాష్ట్ర రూల్స్‌లోనే ఉంది. అతన్ని అక్కడితో వదిలేశాం. రెండో ఆయన అరగంట సేపు రెయిలింగ్ లైట్ల గురించే మాట్లాడాడు. మూడో ఆయన, అంటే మేము పెట్టుకున్న పెద్దాయన, వచ్చీ రాగానే పెరట్లోకి వెళ్ళి చిన్న పారతో జానెడు గుంట తీసి, గుప్పెడు మట్టి తీసుకుని కాస్త నీళ్ళు చల్లి రెండు అరచేతుల మధ్య పెట్టి నలిపాడు. మట్టి తెగకుండా జంతికలాగా సన్నగా సాగింది. చూశావా, ఇది నీళ్ళు పట్టుకునే మట్టి, ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి అన్నాడు.

ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తే. నేల లేవాలంటే మూడు కావాలి, చలి, సన్నటి మట్టి, నీళ్ళు. నీళ్ళు గడ్డకడితే 9 శాతం దాకా పెరుగుతాయని మనం చదువుకున్నాం కానీ అసలు సంగతి అది కాదంట, దీపంలో వత్తి నూనెని పైకి లాక్కున్నట్టు గడ్డకట్టిన పొర కింద నుంచి ఇంకా ఇంకా నీళ్ళు లాక్కుని పొరలు పొరలుగా ఐస్ పెంచుకుంటూ పోతుంది, ఆ పొరలు పైనున్న దేన్నైనా ఎత్తేస్తాయి. అంతేకాదు, లోతుగా తవ్వినా సరే, గడ్డకట్టిన మట్టి కాంక్రీట్ స్తంభాన్ని పక్కల నుంచి పట్టుకుని పైకి లాగుతుంది. అందుకే గుంట అడుగున గంట ఆకారంలో వెడల్పు చేస్తాం, 48 అంగుళాలు దిగుతాం, ఆ వెడల్పు భాగం ఫ్రాస్ట్ లైన్ (చలికి నేల గడ్డకట్టే లోతు) కింద ఉండి స్తంభాన్ని పైకి రానివ్వదు అన్నాడు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో నాన్నగారికి ఇదంతా చెప్పా. ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు, మాది సత్తెనపల్లి దగ్గర, ఊరంతా నల్లరేగడే. నేను కాగితం మీద గంట ఆకారం గీసి చూపించేసరికి "ఇందులో కొత్తేముందిరా, ఇది మన అండర్ రీమ్డ్ పైలే కదా, రేగడిలో ఇళ్ళు పగలకుండా వేసేది ఇదే" అన్నారు. "మన దగ్గర తడికి ఉబ్బి ఎండకి నెర్రెలిస్తుంది, మీ దగ్గర చలికి ఉబ్బుతుంది, అంతే తేడా. నీళ్ళు ఎటు పోతున్నాయో చూసుకో, పునాదికి నీళ్ళే శత్రువు" అని కూడా అన్నారు. ఆ చివరి మాట నేను అప్పుడు సరిగ్గా పట్టించుకోలేదు.

పని మొదలయ్యాక మొదటి వారం నాకు విసుగొచ్చిన మాట నిజం. గుంటలు తవ్వారు, కాంక్రీట్ పోసేముందు సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి లోతు చూడాలి. ఆయన వచ్చే ముందు రాత్రి వాన పడి ఒక గుంటలో పక్క మట్టి కూలి అడుగున బురద చేరింది. ఇన్‌స్పెక్టర్ టేపు దించి చూసి శుభ్రం చేసి మళ్ళీ పిలవమన్నాడు. పని రెండు రోజులు ఆగింది. మా పెద్దాయన కోప్పడకుండా మోకాళ్ళ మీద కూర్చుని, పొడుగు పిడి ఉన్న డబ్బాతో బురదంతా తోడి, అడుగున గట్టి మట్టి తగిలేదాకా గీకి, మధ్యమధ్యలో టార్చి వేసి చూసుకుంటూ చేశాడు. బురద మీద పోస్తే స్తంభం ఆ బురదంత కిందకి దిగుతుంది అన్నాడు. ఆ పూట ఆయన మీద నాకు ఏర్పడిన గౌరవం ఇప్పటికీ పోలేదు.

దాని ఫలితం కూడా కనిపించింది. 2022-23 చలికాలం గుర్తుందా, ఇక్కడ 90 అంగుళాల పైన మంచు పడిన సంవత్సరం, రికార్డుల్లో మూడోది. ఆ ఏడాది మా వీధిలో రెండు పాత డెక్‌లు ఒరిగాయి, మాది చెక్కుచెదరలేదు. లెవెల్ పెట్టి చూస్తే బుడగ మధ్యలోనే ఉంది. ఇంటికి ఆనించే లెడ్జర్ బోర్డ్ దగ్గర కూడా మేకులు కాకుండా అర అంగుళం లాగ్ స్క్రూలు వేసి, పైన రేకు మడిచి గోడ లోపలికి దూర్చాడు, ఆరేళ్ళలో చుక్క నీరు లోపలికి రాలేదు.

ఇంక అసలు విషయం, మెట్లు.

మాది వాకౌట్ బేస్‌మెంట్ (కింది అంతస్తు తలుపు నేరుగా పెరట్లోకి తెరుచుకునేది) కాబట్టి డెక్ నేల నుంచి దాదాపు 9 అడుగుల ఎత్తులో ఉంటుంది, కిందకి దిగడానికి పొడుగాటి మెట్లు. 2023 మార్చి మొదట్లో ఒకరోజు మెట్ల పైనున్న చిన్న గేటు గొళ్ళెం పడలేదు. మా ఆవిడ పిల్లల కోసమని పట్టుబట్టి పెట్టించిన గేటు అది. చలికి ఇనుము బిగుసుకుందేమో అనుకుని నూనె వేశా, పడలేదు. గొళ్ళెం ఊడదీసి కాస్త పైకి బిగించా, నాలుగు రోజులు పడింది, మళ్ళీ పడలేదు. అప్పుడు మా ఆవిడే "గొళ్ళెం కాదండీ, ఆ గేటు స్తంభమే పైకి వచ్చినట్టుంది, కింద చూడండి" అంది. కింద చూస్తే మెట్లు ఆనిన కాంక్రీట్ పలక ఒకవైపు లేచి ఉంది, టేపు పెట్టి కొలిస్తే అంగుళంపావు. మెట్ల పక్క బల్లలు రెండూ ఆ పలక మీదే కూర్చుంటాయి కదా, కింద నుంచి తోసేసరికి పైన డెక్ అంచుకి బిగించిన ఇనుప క్లిప్పుల్లో ఒకటి వంగి రెండు స్క్రూలు సగం బయటికి వచ్చాయి. మా చిన్నవాడు రోజూ స్లెడ్ పట్టుకుని పరిగెత్తే మెట్లు అవి. ఆ స్క్రూలు చూసినప్పుడు గుండె ఝల్లుమంది.

ఏప్రిల్ ఆఖరికి నేల కరిగింది, పలక కొంత దిగింది కానీ మొత్తం దిగలేదు, సగం అంగుళం పైనే ఉండిపోయింది. లేచినప్పుడు కింద ఏర్పడిన ఖాళీలోకి మట్టి జారి చేరిపోతుంది, అందుకే మళ్ళీ పాత చోటికి రాదు, వచ్చే ఏడు అక్కడి నుంచి ఇంకాస్త లేస్తుంది.

ఎందుకయ్యిందో తెలుసుకోడానికి నేనే పలక పక్కన తవ్వి చూశా. 4 అంగుళాల కాంక్రీట్, దాని కింద 4 అంగుళాల కంకర, అంతే. 48 అంగుళాలు, గంట ఆకారం, ఇన్‌స్పెక్షన్ అన్నీ డెక్ స్తంభాలకే, మెట్లకి మాత్రం నేల మీద పరిచిన పలక. మా సిటీలో అది పాస్ కూడా అయింది. పైగా పై గట్టర్ నీళ్ళు దింపే డౌన్‌స్పౌట్ సరిగ్గా ఆ పలకకి మూడడుగుల దూరంలో ముగుస్తుంది, పగలు ఎండకి కప్పు మీద మంచు కరిగి నీళ్ళు అక్కడే ఇంకుతాయి. ఇంకో సంగతి నాకు అప్పటిదాకా తోచలేదు, మంచు నేలకి దుప్పటి లాంటిది, మంచు కప్పి ఉన్న చోట చలి లోతుకి దిగదు. నేను రోజూ మెట్ల కింద దారి శుభ్రంగా పారతో తీసేస్తున్నా, అంటే సరిగ్గా ఆ పలక చుట్టూనే నేల బట్టబయలు. చలి, సన్నటి మట్టి, నీళ్ళు, ఆయన చెప్పిన మూడూ అక్కడే కలిశాయి.

ఫోన్ చేస్తే పెద్దాయన రెండో రోజే వచ్చాడు, ఆ విషయంలో వంక పెట్టలేను. కానీ చూసి అన్న మాట నన్ను బాధపెట్టింది. మెట్లు కదులుతాయి, అందరివీ కదులుతాయి, వారంటీ ఏడాదే కదా అన్నాడు. మట్టి నలిపి చూపించి అంత పాఠం చెప్పిన మనిషి నోటి నుంచి ఆ మాట వస్తుందనుకోలేదు. నేను అడిగింది ఒకటే, కోట్ ఇచ్చేటప్పుడు మెట్లకి కూడా ఫుటింగ్ వేస్తే ఇంత ఎక్కువవుతుంది, వెయ్యమంటారా వద్దా అని నన్ను ఎందుకు అడగలేదు? కాసేపు మాట్లాడలేదు. అడిగితే కోట్ పెరిగి పని పోతుందేమోనని మెట్ల దగ్గర ఎవరూ అడగరు అన్నాడు. నిజాయితీగానే చెప్పాడు, కానీ 28 వేల డాలర్ల పనిలో ఆ నాలుగైదు వందలకి వెనకాడేవాణ్ణి కాదు నేను. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

జూన్‌లో పలక పగలగొట్టి, మెట్ల కింద రెండు గుంటలు 48 అంగుళాలు దించి, వాటి అడుగున కూడా వెడల్పు చేసి పోశాడు, క్లిప్పులు మార్చాడు. కూలీ వదులుకుని సామాను, యంత్రం అద్దె మాత్రం తీసుకున్నాడు, అయినా 1,900 డాలర్లు అయింది. డౌన్‌స్పౌట్‌కి పదడుగుల గొట్టం నేనే తగిలించి పెరటి వాలు వైపు తిప్పా.

ఆ తర్వాత రెండు చలికాలాలు గడిచాయి, గేటు గొళ్ళెం ఒక్కసారి కూడా తప్పలేదు. అయితే 2023-24 చలికాలం ఇక్కడ ఎప్పుడూ లేనంత వెచ్చగా గడిచింది కాబట్టి దాన్ని నేను పరీక్షగా లెక్కపెట్టట్లేదు. 2025 జనవరిలో సున్నాకి బాగా కిందికి వెళ్ళినప్పుడు రోజూ పొద్దున్నే వెళ్ళి గేటు వేసి చూశా, పడింది. 2022-23 లాంటిది ఇంకోటి వస్తే అప్పుడు గట్టిగా చెప్పగలను.

బోర్డుల గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఇవి కూడా మొదట్లో నేను తెగ పొగిడినవే. మేము వేయించింది ముదురు బూడిద రంగు కాంపోజిట్, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన బోర్డు. కుళ్ళదు, రంగు వెయ్యక్కర్లేదు, అది నిజమే. కానీ ఇది చెక్కలాగా అడ్డంగా కాదు, పొడుగులో పెరిగి తగ్గుతుంది, జనవరిలో బోర్డుల చివరలు కలిసే చోట రూపాయి బిళ్ళ నిలబెట్టేంత సందు వస్తుంది, జూలైకి మూసుకుపోతుంది. ఇంకా జూలై మధ్యాహ్నం ఉత్త కాళ్ళతో నిలబడలేం. అమ్మ వచ్చినప్పుడు గుమ్మడి వడియాలు పెట్టింది, పాత చీర పరిచి పెడితే ఒక్క రోజులో గలగలలాడాయి, ఆవిడకి అది మహా సంతోషం, కానీ చెప్పులు లేకుండా రెండడుగులు వేసి అమ్మో అని వెనక్కి వచ్చేసింది. పిల్లలు ఉత్త కాళ్ళతో తిరిగే ఇల్లయితే లేత రంగు తీసుకోండి. మంచు తీయడానికి ప్లాస్టిక్ పారే వాడండి, బోర్డు పొడుగు వెంబడే తోయండి, ఇనుప పారతో నేను పెట్టిన రెండు గీతలు ఇంకా పోలేదు.

డబ్బులు మూడు విడతలుగా ఇచ్చా. ఆఖరి విడత ఇచ్చేముందు కలప కొట్టువాడికీ పనివాళ్ళకీ డబ్బులు ముట్టినట్టు, ఇంటి మీద హక్కు వదులుకున్నట్టు లీన్ వేవర్ కాగితాలు రాయించుకున్నా, లేకపోతే కాంట్రాక్టర్ వాళ్ళకి బాకీ పడితే వాళ్ళు మన ఇంటి మీద లీన్ (బాకీ కింద ఇంటి మీద చట్టపరమైన హక్కు) వెయ్యగలరు ఇక్కడ. లైసెన్స్ కూడా రాష్ట్ర లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో చూసుకున్నా, ఐదు నిమిషాల పని.

మరి ఆయన్ని పెట్టుకోమంటానా అంటే, మాది నీళ్ళు పట్టుకునే మట్టి, ఎత్తు డెక్, ఇంట్లో చిన్నపిల్లలు, అలాంటి చోట డెక్ స్తంభాల పని ఆయనలా చేసేవాళ్ళు మళ్ళీ దొరుకుతారని నాకు నమ్మకం లేదు, అందుకే పెట్టుకోమంటా. మీది ఇసుక నేలో, రెండే మెట్లున్న పొట్టి డెక్కో అయితే ఆయన చెప్పే రేటు మీకు దండగ అనిపించొచ్చు. నా మాట మీద కట్టించుకున్న ముగ్గురికీ ఫోన్ చేసి మెట్ల కింద ఏముందో చూసుకోమని చెప్పా, ఇద్దరివి పలకలే, ఒకాయనది అప్పుడే అర అంగుళం లేచింది.

వచ్చే ఏడు డెక్‌కి ఒక పక్క స్క్రీన్ పోర్చ్ (దోమతెర బిగించిన వరండా) వేయిద్దామనుకుంటున్నాం. కోట్ కోసం మళ్ళీ ఆయన్నే పిలిచా. ఈసారి నేలకి ఆనే ప్రతి స్తంభం, ప్రతి మెట్టు కింద లోతు ఎంతో విడివిడిగా కాగితం మీద రాసివ్వమన్నా, రాసిచ్చాడు, మెట్ల దగ్గర కూడా 48 అనే రాశాడు.