దానిమ్మ తోటకు 450 రూపాయల కత్తెర: కొనొచ్చా?

అనంతపురంలో హార్డ్‌వేర్ షాపుకు పోయి ‘కట్టర్’ అంటే ఒకచోట కాగితాలు కోసే ప్లాస్టిక్ చాకు ఇస్తారు, ఇంకోచోట వైరు తెంచే పటకారు, మరోచోట టైల్స్ కోసే మిషను. కొమ్మలు కత్తిరించే ‘ప్రూనింగ్ కత్తెర’ అనే అడగండి. ఆ మాటకొస్తే మన కత్తెరా తక్కువ తినలేదు: దర్జీ చేతిలో ఉంటుంది, సెన్సారు వాళ్లు సినిమాకు వేస్తారు, మొక్కజొన్న సుడిలో పురుగై దూరుతుంది.

ఈ 450 రూపాయల కత్తెర 8 అంగుళాల బైపాస్ రకం. పదునైన అలుగు, మొద్దు కొక్కెం పక్కను రాసుకుంటూ దిగుతుంది. అలుగు బల్ల మీద పడినట్టు దిగే యాన్విల్ రకం ఎండుపుల్లలకే పనికొస్తుంది, పచ్చికొమ్మను నలిపేస్తుంది.

షాపులోనే పలచటి కాగితం కోసి చూడండి. కొసదాకా తెగాలి. మడతపడి ఇరుక్కుంటే నడిమి నట్టు వదులన్నమాట. దీని అసలు లోపం అక్కడే: రెండు మూడు రోజుల కోతకే నట్టు సడలి సందు వస్తుంది, కొమ్మ తెగకుండా నార లేస్తుంది. పావు చుట్టు బిగిస్తే చాలు. మరీ బిగిస్తే పిడి తిరిగి తెరుచుకోదు. స్ప్రింగు ఎగిరి ఎర్రమట్టిలో పడితే ఇక వెతకొద్దు, ఇంకోటి ముందే కొని జేబులో పెట్టుకోండి.

కోసేటప్పుడు అలుగు చెట్టు వైపు, కొక్కెం తీసేసే కొమ్మ వైపు ఉండాలి. తిప్పి పట్టుకుంటే మిగిలే మోడు నలుగుతుంది. బొటనవేలంత లావు దాటితే రంపం తీయండి; మెలితిప్పి కోస్తే అలుగు వంకరపోతుంది. చీనీ (బత్తాయి)లో అంటు కిందినుంచి లేచే జంబేరి నిమ్మ వేరుమొక్క పిలకలకు మాత్రం ఇది భేషుగ్గా ఉంది.

దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు కత్తెరతో కూడా చెట్టునుంచి చెట్టుకు పాకుతుంది. చెట్టు చెట్టుకూ 2.5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం)లో కత్తెరను ముంచాలి. 10 శాతం ద్రావణం దొరికితే లీటరుకు 3 లీటర్ల నీళ్లు కలపండి. అందుకే కత్తెరలు రెండు కొనాలి: ఒకటి నానుతుంటే ఇంకోటి కోస్తుంది. కోసిన గాయాలకు బోర్డో పేస్టు, అంటే కిలో మైలతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు.

హైపోక్లోరైట్‌కు ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది, ఈ ధరలో దొరికే అలుగుకు మరీ త్వరగా. సాయంత్రం మంచినీళ్లతో కడిగి, తుడిచి, నట్టు దగ్గర రెండు చుక్కలు నూనె వేయండి. సాన పట్టేది ఏటవాలు వైపే. చదును వైపు రుద్దారంటే మళ్లీ సందు వచ్చినట్టే.