డెల్టా ఉక్కలో చిన్న కారు ఏసీ: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఈ కారు ఏసీ మంచిదే. రోడ్డు మీద పోతున్నంతసేపూ రోహిణి కార్తెలో కూడా హాయిగా ఉంటుంది. ఆగితేనే దీని బలహీనత బయటపడుతుంది. 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, కింది వేరియంట్, చేత్తో తిప్పే నాబ్‌ల ఏసీ. నాది రొయ్యల చెరువుల చుట్టూ తిరిగే ఉద్యోగం. పాలకొల్లు నుంచి మొగల్తూరు, నరసాపురం, పంటు (బండ్లని ఒడ్డు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి సఖినేటిపల్లి, అంతర్వేది దాకా. ఉప్పుగాలి, గట్ల మీది దుమ్ము, రాత్రిళ్లు లైటు చూసి మీదపడే పురుగులు, పొలం ఎలుకలు, వీటన్నిటి మధ్యా ఈ ఏసీ ఎలా నిలబడిందో, ఎక్కడ మొరాయించిందో రాస్తున్నాను. ఇటువైపు కారు వాడేవాళ్లకి పనికొస్తుంది.

మన ప్రాంతం సంగతి పట్టించుకోకుండా ఏసీని తిట్టడం అన్యాయం. ఇదే కారు హైదరాబాద్‌లో మండే ఎండలో తిరిగినప్పుడు ఇక్కడికన్నా చల్లగా ఉంది. అక్కడి ఎండాకాలపు గాలి పొడి గాలి. మన దగ్గర గాలి నిండా తేమే. డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్ శక్తిలో చాలా భాగం ఆ తేమని నీళ్లుగా మార్చడానికే పోతుంది. అందుకే బయటి గాలి వచ్చే మీట మూసేసి, లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టుకోవాలి. ఎండలో నిలబెట్టిన కారైతే ముందు అద్దాలు దించి ఆ వేడంతా పోనిచ్చి, అప్పుడు మూయాలి. ఏసీ నడుస్తుంటే కారు కింద నీళ్లు బొట్లు బొట్లుగా కారాలి. ఉక్కపోత రోజున కూడా కింద తడి లేదంటే రెండే కారణాలు. కాయిల్ చల్లబడట్లేదు, లేదా నీళ్లు పోయే పైపు మూసుకుపోయింది. రెండోదైతే ఎడమ సీటు ముందు మ్యాట్ తడుస్తుంది. మాకు ఒక వానాకాలం అదే జరిగింది. పైపులో పేరుకున్న మడ్డి తీసేస్తే సరిపోయింది.

ఇక అసలు విషయం. చల్లదనం తగ్గిందని ఏ షాపుకెళ్లినా మొదట వినపడే మాట ఒక్కటే: "గ్యాస్ అయిపోయిందండి, కొట్టేద్దాం." గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టాల నుంచి ఏళ్ల మీద కొంచెం తగ్గడం సహజమే. కానీ ఒక్క ఎండాకాలంలోనే పోయిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ కారడం ఆపకుండా మళ్లీ నింపితే డబ్బూ గాల్లోకే, గ్యాసూ గాల్లోకే. ఒక షాపులో ఇంజన్ ఆపి ఉండగానే గేజ్ పెట్టి, ప్రెజర్ బాగానే ఉంది కాబట్టి గ్యాస్ నిండుగా ఉందన్నారు. అది లెక్కే కాదు. మన కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ గ్యాస్, 30 డిగ్రీల వేడిలో సుమారు 97 పీఎస్ఐ ఒత్తిడి చూపిస్తుంది. లోపల కాస్త ద్రవం మిగిలి ఉంటే చాలు, వంద గ్రాములున్నా, నాలుగొందలున్నా అదే అంకె. ఇంజన్ నడుస్తూ, ఏసీ ఆన్‌లో ఉండగా రెండు వైపులా, అంటే ఒత్తిడి ఎక్కువుండే హై సైడ్‌కీ, తక్కువుండే లో సైడ్‌కీ గేజ్‌లు పెడితేనే సంగతి తెలుస్తుంది.

మా కారుకి వచ్చిన పెద్ద జబ్బు పంటు రేవులో బయటపడింది. నరసాపురం రేవులో వరసలో నిలబడి ఇంజన్ ఆన్‌లో ఉంచితే, కాసేపటికే వెచ్చటి గాలి. అవతలి ఒడ్డున దిగి సఖినేటిపల్లి రోడ్డెక్కి వేగం అందుకోగానే మళ్లీ చల్లగా. కారు పరిగెడితే చల్లదనం, ఆగితే వేడి అన్నచోట మొదట అనుమానించాల్సింది గ్యాస్‌ని కాదు, కండెన్సర్‌ని, దాని ఫ్యాన్‌ని. కండెన్సర్ రేడియేటర్‌కి ముందు ఉంటుంది, లోపలి వేడిని బయటికి వదిలేది అదే. కారు పోతుంటే ఎదురుగాలే దాన్ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి.

పాలకొల్లులో పెద్దవయసు ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నారు, బాబాయ్ గారనే పిలుస్తాం. కారు ఆగి ఉండగా ఏసీ వేయించి, రెండు గేజ్‌లూ తగిలించారు. హై సైడ్ ముల్లు మూడొందల పీఎస్ఐ దాటి ఇంకా పైకి పోతోంది. ఆయన మగ్గుతో నీళ్లు తెచ్చి గ్రిల్‌లోంచి కండెన్సర్ మీద మెల్లగా పోశారు. ఆవిరి లేచింది, ముల్లు జారుకుంటూ కిందికి దిగింది, లోపల కూర్చున్న నా మొహానికి చల్లగాలి తగిలింది. "ఆయ్, గ్యాస్ ఉందండి. ఫ్యానే తిరగట్లేదు" అన్నారు. ఫ్యాన్ వైరింగ్ పట్టుకుని వెనక్కి వెళితే ఎలుక కొరికిన తీగ దొరికింది. రాగి బయటపడి ఒక్క పోగు మీద వేలాడుతోంది. అతుకేసి, పైన గట్టి తొడుగు వేశారు. ఆ మగ్గు నీళ్ల పరీక్ష చూశాక ఆయన్ని తప్ప ఇంకొకర్ని నమ్మబుద్ధి కాలేదు. వరి కోతలయ్యాక ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి కాబట్టి, ఆ రోజుల్లో బానెట్ ఎత్తి చూసుకోవడం మా ఇంట్లో అలవాటైపోయింది.

ఫ్యాన్ బాగైనా కండెన్సర్ సందులు మూసుకుంటే ఫలితం ఉండదు. చెరువుల రోడ్డు మీద రాత్రి ప్రయాణాలు చేస్తే పురుగులు ఆ పల్చటి రేకుల మధ్య ఇరుక్కుని అట్టకట్టేస్తాయి. మామూలు పైపు నీళ్లతో, తక్కువ ఒత్తిడితో కడగాలి. కారు వాషింగ్ వాళ్ల గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి, అప్పుడు గాలి అసలే దూరదు.

తర్వాత కొన్నాళ్లకి నిజంగానే గ్యాస్ తగ్గింది. అదీ తెలిసిపోయింది. గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు కంప్రెసర్, దాన్ని ఇంజన్‌తో కలిపే క్లచ్ టిక్కుమంటూ పట్టుకోవడం, కొన్ని క్షణాల్లోనే వదిలేయడం, మళ్లీ పట్టుకోవడం. గ్యాస్ తక్కువైతే లో ప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. కండెన్సర్ కింది మూలన, నూనె జిడ్డు మీద దుమ్ము పట్టి నల్లటి మచ్చ కనిపించింది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కనుక, కారేచోట జిడ్డు పట్టడం మంచి ఆనవాలు. సబ్బు నురగ రాస్తే అక్కడే బుడగలొచ్చాయి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి అల్యూమినియం తినేసింది. కారడం ఆపుతుందని ఒకరు డబ్బా మందు ఎక్కిద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. అది గట్టిపడి, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ని సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ని మూసేస్తే ఖర్చు రెట్టింపవుతుంది. కొత్త కండెన్సర్, అతుకుల దగ్గరి కొత్త రబ్బరు ఓ-రింగులు, గ్యాస్‌లోని తేమని పీల్చే కొత్త డ్రయర్ వేయించాను. ఆ తర్వాత గొట్టాల్లోని గాలినీ తేమనీ లాగేసే వాక్యూమ్ పంపు అరగంట పైనే నడిపి, ఆపాక కూడా ముల్లు కదలట్లేదని చూశాకే గ్యాస్ ఎక్కించారు. మన తేమ గాలిలో ఈ వాక్యూమ్ ఎగ్గొట్టడం క్షమించరాని పని. లోపల మిగిలిన తేమ వాల్వ్ దగ్గర గడ్డకడుతుంది, ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోపలి భాగాల్ని తినేస్తుంది. గ్యాస్ కూడా అందాజుగా కాదు, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.

కంపెనీ మీద నా ఫిర్యాదు ఒకటే. కింది వేరియంట్‌లో క్యాబిన్ ఫిల్టర్‌కి చోటు వదిలి, ఫిల్టర్ ఇవ్వలేదు. దాంతో దుమ్మంతా తడి కాయిల్ మీదే పేరుకుని, ఏసీ వేయగానే మగ్గిన వాసన. ఫిల్టర్ కొని పెట్టించి, కాయిల్ కడిగించాను. ఇల్లు చేరబోయే ముందు ఏసీ ఆపి ఫ్యాన్ ఒక్కటే నడిపిస్తే కాయిల్ ఆరుతుంది. అప్పట్నుంచి వాసన లేదు.

ఈ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకునేవాళ్లు పొద్దున్నే చల్లటి పూట చూసి మోసపోకండి. మిట్టమధ్యాహ్నం వెళ్లి, కారు కదలకుండా పావుగంట ఏసీ నడిపించండి. ఈలోగా బానెట్ ఎత్తి ఫ్యాన్ తిరుగుతోందో లేదో, క్లచ్ మాటిమాటికీ టిక్కుమంటోందో లేదో చూడండి. కండెన్సర్ కింది మూలల్లో టార్చ్ వేసి జిడ్డు మచ్చ కోసం వెతకండి. ఎడమ పక్క మ్యాట్ ఎత్తి తడి చూడండి. "గ్యాస్ ఈమధ్యే కొట్టించామండి" అని అమ్మేవాళ్లు గర్వంగా చెబితే, ఎందుకు కొట్టించాల్సి వచ్చిందో, ఏం మార్చారో అడిగి, బిల్లు చూశాకే బేరం మొదలుపెట్టండి.