జాగ్రత్త: బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీ కొనేముందు ఇది చదవండి

బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవాళ్లకీ, అలాంటివాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకీ ఈ పోస్టు. కాస్త పెద్దదే, అయినా చివరిదాకా చదవండి. ల్యాబ్ పేరు, విటమిన్ గమ్మీల (నమిలి తినే జెల్లీ బిళ్లల) కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రెండింటి సంగతి తెలుసుకుంటే చాలు, పేరు ఏదైనా మీరే పట్టుకోగలరు.

2022 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నాకు మినీ గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపుని చిన్నది చేసి, తిండి పేగులో కొంత భాగాన్ని దాటి వెళ్లేలా కలిపే ఆపరేషన్) చేశారు. 112 కిలోల నుంచి ఏడాదిన్నరలో 71కి వచ్చాను. షుగర్ మాత్రలు ఆగాయి, మోకాళ్ల నొప్పులు పోయాయి. ఆపరేషన్ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా ఆ తర్వాత కొన్న వాటి గురించి.

మొదటి ఏడాది ఆసుపత్రివాళ్లే ఫోన్ చేసి మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల రక్త పరీక్షలు చేయించారు. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. ‘జీవితాంతం ఫాలో అప్’ అని చేర్చుకునేటప్పుడు చెప్పిన మాట ఫైల్లోనే ఉండిపోయింది. మేముండేది ఒంగోలు. ఒక్క రక్త పరీక్ష కోసం హైదరాబాద్ దాకా ఎందుకులే అని, 2024లో ఆన్‌లైన్‌లో 1,499 రూపాయలకి 92 పరీక్షల ప్యాకేజీ బుక్ చేశాను. ఇంటికే వచ్చి శాంపిల్ తీసుకెళ్లారు. సాయంత్రానికి ఫోన్‌లో రిపోర్ట్ వచ్చేసింది. హిమోగ్లోబిన్ 12.1, పచ్చ రంగు. బి12 410, పచ్చ. విటమిన్ డి 38, పచ్చ. కాల్షియం 9.1, పచ్చ. సీరం ఐరన్ పచ్చ. ఎర్రగా ఉండి నా కంట పడింది ఒక్క థైరాయిడే: టి.ఎస్.హెచ్ బాగా తక్కువ, టి4 ఎక్కువ. ప్యాకేజీతో పాటు ఇచ్చిన ఉచిత ఫోన్ కన్సల్టేషన్‌లో ఒక డాక్టర్, ‘మీకు థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోంది, అందుకే నీరసం, జుట్టు రాలడం’ అన్నారు. మిగతావన్నీ సూపర్ అన్నారు.

అప్పటికి నా పరిస్థితి ఏంటంటే, రెండంతస్తుల మెట్లు ఎక్కితే గుండె దడ. రాత్రిళ్లు అరికాళ్లలో తిమ్మిర్లు. ఎవరికీ చెప్పని ఇంకో సంగతి, వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా డబ్బా మూత తీసి గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకునేదాన్ని. ఒకరోజు మా అమ్మ చూసింది. “ఏంటే ఆ బియ్యం బొక్కడం? నీకు ఒంట్లో రక్తం లేదే” అంది. ఫోన్ తీసి రిపోర్ట్ చూపించి, “ఇదిగో చూడమ్మా, రక్తం పన్నెండు ఉంది” అన్నాను. ఆమె ఆ ఫోన్ వైపు చూడలేదు. నా కింది రెప్ప కిందికి లాగి చూసి, “పద డాక్టర్ దగ్గరికి” అంది.

అమ్మ మాట విని గుంటూరులో ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాం. ఆయన రిపోర్ట్ మొత్తం తిరగేసి అడిగిన మొదటి ప్రశ్న, “ఫెరిటిన్ ఏదమ్మా?” ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష అది. లేదు. “పి.టి.హెచ్?” ఒంట్లో కాల్షియాన్ని చూసుకునే పారాథైరాయిడ్ హార్మోన్ అది. లేదు. “బి1, జింక్, కాపర్?” ఏదీ లేదు. 92 పరీక్షలున్నాయి, ఆయన అడిగింది ఒక్కటీ లేదు. ఇంటికొచ్చి పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టాను. మామూలు సి.బి.పి (రక్తకణాల లెక్క) ఒక్కదాన్నే ఇరవైకి పైగా ముక్కలు చేసి లెక్కలో చూపించారు. మూత్రం రంగు ఒక పరీక్ష, స్వచ్ఛత ఇంకో పరీక్ష. కొలెస్ట్రాల్‌లో ఒక అంకెను ఇంకో అంకెతో భాగిస్తే వచ్చేది కూడా ఒక పరీక్షే! ప్యాకేజీ కొనేటప్పుడు అంకె చూడకండి, లోపలున్న పేర్లు చూడండి.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. “శాంపిల్ ఇచ్చిన పొద్దున ఏం వేసుకున్నారు?” ఖాళీ కడుపు అంటే టిఫిన్ తినకపోవడమే అనుకుని, మాత్రలు రోజూలాగే వేసుకున్నానని చెప్పాను. నీరసంగా ఉందని ఇంట్లో ఉన్న ఐరన్ మాత్ర, జుట్టు రాలుతోందని ఏడాదిన్నరగా తింటున్న గమ్మీలు రెండు. సీసా మీద ‘బేరియాట్రిక్ ఫ్రెండ్లీ’ అని పెద్దక్షరాలు. 899 రూపాయలు, నెలకి ఒక సీసా. ఆయన ఫోన్‌లోనే దాని వెనక లేబుల్ పెద్దది చేసి చూపించారు. ఒక్కో గమ్మీలో బయోటిన్ (బి7 విటమిన్) 5,000 మైక్రోగ్రాములు, అంటే రోజుకి 10,000. మనిషికి రోజుకి కావలసింది కొన్ని పదుల మైక్రోగ్రాములే. ఐరన్ సున్నా, బి1 సున్నా, కాల్షియం పేరుకి మాత్రమే. మల్టీవిటమిన్ వేసుకుంటున్నాననే ధైర్యంతో నేను తిన్నది చక్కెర, బయోటిన్.

ఇక్కడ ఒక విషయం మీ అందరికీ తెలియాలి. హార్మోన్లు, విటమిన్లు కొలిచే చాలా యంత్రాల్లో బయోటిన్‌ని జిగురులా వాడతారు. మన రక్తంలో బయోటిన్ మరీ ఎక్కువ ఉంటే ఆ కొలత తప్పుతుంది. కొన్ని పరీక్షలు లేనిది ఉన్నట్టు ఎక్కువ చూపిస్తాయి: బి12, విటమిన్ డి, టి4 అలాంటివి. కొన్ని ఉన్నది లేనట్టు తక్కువ చూపిస్తాయి: టి.ఎస్.హెచ్, ఫెరిటిన్, పి.టి.హెచ్ అలాంటివి. అన్ని యంత్రాలూ ఇలా ఉండవు, కొత్తవాటిలో ఈ ఇబ్బంది తగ్గించారు. కానీ అమెరికా ఎఫ్.డి.ఎ 2017లోనే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. శాంపిల్ తీసుకున్న అబ్బాయి గానీ, ల్యాబ్ ఫారం గానీ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు.

డాక్టర్ గారు గమ్మీలు ఆపమన్నారు. ఎక్కువ మోతాదులో తింటున్నవాళ్లు కనీసం మూడు రోజుల ముందు ఆపాలన్నారు, నేను వారం ఆగాను. ఐరన్ మాత్ర కూడా ఆపాను, ఎందుకంటే మాత్ర వేసుకున్న కాసేపటికి సీరం ఐరన్ పెరిగి కనిపిస్తుంది. అది ఆ పూట సంగతి చెప్తుంది గానీ ఒంట్లో నిల్వ సంగతి చెప్పదు. నిల్వ చెప్పేది ఫెరిటిన్.

వారం తర్వాత వచ్చిన అంకెలు ఇవి. ఫెరిటిన్ 6. బి12 168. విటమిన్ డి 14. ఈ మూడూ తక్కువే. పి.టి.హెచ్ 112, ఇది ఎక్కువ. థైరాయిడ్ పూర్తిగా మామూలే! మొదటి రిపోర్ట్‌లో నా కంట పడిన ఎరుపు అబద్ధం, నన్ను లోపల్నుంచి తినేస్తున్నవి పచ్చగా ఉన్నాయి, లేదా అసలు రిపోర్ట్‌లోనే లేవు. బయోటినే కారణమని నూటికి నూరుపాళ్లు రుజువు చేయలేమని డాక్టర్ గారు అన్నారు. కానీ థైరాయిడ్ మందు మొదలుపెట్టకుండా రావడం నా అదృష్టమన్నారు.

మరి హిమోగ్లోబిన్ 12 ఎలా ఉంది అని నేనూ అడిగాను. ఆయన చెప్పింది ఇది. ముందు డబ్బాలో బియ్యం అడుగంటుతాయి, ఆ తర్వాతే కంచంలో అన్నం తగ్గుతుంది. డబ్బా అంటే ఫెరిటిన్, కంచం అంటే హిమోగ్లోబిన్. ఇంకో మోసం కూడా ఉంది. ఐరన్ తగ్గితే ఎర్ర కణాలు చిన్నవవుతాయి, బి12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ ఒకేసారి తగ్గితే సగటు సైజు, అంటే ఎం.సి.వి, చక్కగా మామూలుగా కనిపిస్తుంది. నాది 86. పక్కనే ఆర్.డి.డబ్ల్యు 17 ఉంది. చిన్నా పెద్దా కలిసిపోయాయని చెప్పే అంకె అది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

కాల్షియం కూడా అంతే. తిండిలోంచి అందకపోతే ఒళ్లు ఎముకల్లోంచి తీసి రక్తంలో పోస్తుంది, కాబట్టి రక్తంలో చాలావరకు సరిగ్గానే కనిపిస్తుంది. ఎముకల్ని తవ్వుతున్న సంగతి పి.టి.హెచ్ చెప్తుంది. నేను మెడికల్ షాపులో అడిగి వాడినవి కాల్షియం కార్బొనేట్ మాత్రలు. కడుపులో ఆమ్లం తగ్గిన మనలాంటివాళ్లకి సిట్రేట్ బాగా ఒంటబడుతుందట. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి, టీతో ఐరన్ అసలు వేసుకోకూడదు. ఇవి నాకు 2022లోనే చెప్పి ఉండాల్సింది.

బి12 సంగతి ఆలస్యంగా బయటపడటానికి కారణం, కాలేయంలో ఏళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది. అందుకే మొదటి ఏడాది రిపోర్టులు బాగున్నాయి కదా అని ఆగిపోవద్దు. రెండు, మూడు ఏళ్ల తర్వాతే అసలు పరీక్ష మొదలవుతుంది. శాకాహారులు ఇంకా జాగ్రత్త.

ఒక్క దానికి మాత్రం రిపోర్ట్ కోసం ఎదురుచూడకండి. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకుండా అవుతూ, తిండి నిలవకపోతే, బి1 నిల్వ రెండు మూడు వారాల్లో అయిపోతుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమక అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ‘గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది, బి1 ముందు ఇవ్వండి’ అని నోరు తెరిచి చెప్పండి. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడుకి ముప్పు. ఈ మాట ఒక చీటీ మీద రాసి ఇంట్లోవాళ్లకి ఇచ్చి ఉంచండి.

ల్యాబ్‌కి ఫిర్యాదు చేస్తే ‘శాంపిల్‌లో ఉన్నదే రిపోర్ట్‌లో వచ్చింది’ అన్నారు. గమ్మీలవాళ్లు సీసా మీద చిన్నక్షరాలు చూపించి, ఇది ఏ జబ్బుకీ మందు కాదని రాశాం కదా అన్నారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను, ఏం జరిగినా ఇక్కడ చెప్తాను.

నాకు ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు, బి12 ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. దడ తగ్గింది. బియ్యం మీదికి మనసు పోవడం రెండు వారాల్లోనే ఆగింది. ఎడమ కాలి వేళ్లలో మొద్దుబారడం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. పోతుందో లేదో ఇంకొన్నాళ్లు చూడాలన్నారు.

మీ దగ్గర పాత రిపోర్ట్ ఉంటే ఇప్పుడే తీయండి. ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, పి.టి.హెచ్, ఆల్బుమిన్, జింక్, కాపర్ అనే పేర్లు ఉన్నాయేమో వెతకండి. లేనివాటిని కాగితం మీద రాసుకుని, ఏవేవి చేయించాలో మీ సర్జన్‌నో దగ్గర్లో ఉన్న ఫిజీషియన్‌నో అడగండి. జుట్టు కోసం ఏదైనా తింటుంటే ఆ సీసా కూడా సంచిలో వేసుకుని వెళ్లండి.