రెండు యువజన సంస్థలు: పూర్తి విలీనమా, ఒకే గొడుగా?

దారి తప్పే ప్రమాదంలో ఉన్న పిల్లలతో పనిచేసే రెండు స్వచ్ఛంద సంస్థలు పూర్తిగా ఒకటైపోవడం మేలా, ఎవరి పేరు వాళ్లు ఉంచుకుని ఒకే గొడుగు కిందికి రావడం మేలా? ఈ ఏడాది నలుగురు ట్రస్టీలు నన్ను ఇదే అడిగారు. నలుగురూ ముందుగా నా చేతిలో పెట్టింది లెక్కల కాగితమే. ఒక ఆఫీసు అద్దె మిగులుతుంది, ఒక ఆడిట్ ఖర్చు తగ్గుతుంది, ఇద్దరు డైరెక్టర్ల చోట ఒకరు సరిపోతారు. ఆ లెక్కలు తప్పని అనను. కాకపోతే వాటితో మొదలుపెడితే దాదాపు ప్రతిసారీ పూర్తి విలీనమే గెలుస్తుంది. అందుకే నేను వేరే చోట మొదలుపెట్టమంటాను: కలిసిన మర్నాడు, ఈ పిల్లాడు నమ్మిన మనిషి ఇంకా అక్కడే ఉంటారా?

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన ప్రశ్న కాదు. కొన్నేళ్ల కిందట నేను ట్రస్టీగా ఉన్న చిన్న సంస్థ మరో సంస్థలో కలిసింది. ఒక శుక్రవారం సాయంత్రం మా యూత్ వర్కర్లందరూ పాత ఫోన్లు అప్పగించి, కొత్త సంస్థ ఫోన్లు తీసుకున్నారు. పాత నంబర్లు ఆ రాత్రే ఆగిపోయాయి. పదహారేళ్ల కుర్రాడొకడు తన వర్కర్ నంబరును ఫోన్ కవరు లోపలి వైపు పెన్నుతో రాసుకున్నాడు. ఫోన్లు మారేవి, పోయేవి, కవరు మాత్రం దాచుకునేవాడు. శనివారం రాత్రి ఇంట్లో గొడవై బయటికొచ్చి ఆ నంబరుకి చేశాడు. ఈ నంబరు వాడుకలో లేదని వినిపించింది. సోమవారం మా గుమ్మం దాకా వచ్చాడు. పైన కొత్త పేరుతో బోర్డు. కాసేపు దాన్ని చూస్తూ నిలబడి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడని రిసెప్షన్‌లో ఉన్నావిడ తర్వాత చెప్పింది. వాడి వర్కర్ వాడిని మళ్లీ పట్టుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. మా విలీన ప్రణాళిక నలభై పేజీలు. అందులో ఫోన్ నంబర్ల గురించి ఒక్క వాక్యం లేదు. దాని మీద సంతకం చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఈ పిల్లల్లో చాలామందికి అప్పటికే ముగ్గురో నలుగురో సోషల్ వర్కర్లు మారి ఉంటారు, పెంపుడు ఇళ్లు మారి ఉంటాయి, బడి మారి ఉంటుంది. మాట ఇచ్చిన పెద్దవాళ్లు మాయమవడం వాళ్లకు అలవాటైపోయిన సంగతి. ఒక వర్కర్ ఎదుట నోరు విప్పడానికే నెలలు తీసుకుంటారు. ఆ మనిషి పోతే పోయేది ఒక ఉద్యోగి కాదు, ఆ నెలలన్నీ పోతాయి. సిబ్బందికి చట్టం రక్షణ ఉంది కదా అంటారు. నిజమే, బ్రిటన్‌లో 2006 నాటి నిబంధనల ప్రకారం సంస్థ పని చేతులు మారితే ఉద్యోగులు పాత షరతులతోనే కొత్త యజమాని దగ్గరికి వెళతారు. కానీ చట్టం కాపాడేది ఒప్పందాన్ని. ఏడాదికోసారి గ్రాంటు మీద పునరుద్ధరించే ఉద్యోగంలో ఉన్న మనిషి, ఆరు నెలల పాటు విలీనం గురించి గుసగుసలు వింటూ కూర్చోడు. వేరే ఉద్యోగం చూసుకుంటాడు. ముందు వెళ్లేది మంచి వర్కర్లే, ఎందుకంటే వాళ్లకు బయట పని తేలిగ్గా దొరుకుతుంది.

ఇది మనసులో పెట్టుకుని పూర్తి విలీనాన్ని చూద్దాం. దాని బలం పెద్దది, తక్కువ చేసి చెప్పను. ఇల్లు లేని పిల్లలను చూసే సంస్థ ఒకటి, నేరాల్లో ఇరుక్కున్న పిల్లలను చూసే సంస్థ ఇంకొకటి అనుకోండి. చాలాసార్లు ఇద్దరి దగ్గరికీ వచ్చేది ఒకే పిల్ల. తన కథ రెండుసార్లు చెప్పుకోవాలి. ఒకచోట చెప్పిన ప్రమాదం రెండోచోట తెలియదు. కేసు ఫైలు ఒకటే అయితే, పిల్లల భద్రతకు జవాబుదారీ అయిన మనిషి ఒక్కరే అయితే, ఆ సందు మూసుకుపోతుంది.

బ్రిటన్‌లో క్యాచ్22 అలా పుట్టిందే. 2008లో రెయినర్, క్రైమ్ కన్సర్న్ అనే రెండు సంస్థలు కలిశాయి. రెయినర్ వేర్లు ఒకవైపు 1788 నాటి ఫిలాంత్రోపిక్ సొసైటీ దాకా పోతాయి, మరోవైపు 1876లో పోలీసు కోర్టుల చుట్టూ తిరిగే అభాగ్యుల కోసం అయిదు షిల్లింగులు పంపిన ఫ్రెడరిక్ రెయినర్ అనే ముద్రాపకుడి దాకా పోతాయి. క్రైమ్ కన్సర్న్ 1988లో మొదలైంది, దాని దృష్టి నేరం జరగకముందే ఆపడం మీద. ఒకరి పని ఆగే చోట ఇంకొకరి పని మొదలవుతుంది కాబట్టి కలవడానికి కారణం పనిలోనే ఉంది. పైగా ఇద్దరూ పాత పేర్లు వదిలి కొత్త పేరు పెట్టుకున్నారు. ఎవరు ఎవరిని మింగారన్న మాట రాకుండా ఉండటానికి అది కొంతైనా పనికొస్తుందని నా అభిప్రాయం.

పూర్తి విలీనంలో మరోటి కూడా వెంట వస్తుంది, గతం. ఫెయిర్‌బ్రిడ్జ్ 2011లో ప్రిన్స్ ట్రస్ట్‌లో (ఇప్పుడది కింగ్స్ ట్రస్ట్) కలిసేనాటికి 13 నుంచి 25 ఏళ్ల యువతతో పనిచేసే సంస్థ. కానీ ఆ పేరు 1909లో కింగ్‌స్లీ ఫెయిర్‌బ్రిడ్జ్ మొదలుపెట్టిన సొసైటీది, బ్రిటన్ పిల్లలను ఆస్ట్రేలియా లాంటి దూరదేశాల వ్యవసాయ బడులకు పంపిన సొసైటీది. బాలల లైంగిక హింసపై ఏర్పడిన స్వతంత్ర విచారణ ఆ వలసల మీద 2018లో నివేదిక ఇచ్చింది. ఆ విచారణలో ఫెయిర్‌బ్రిడ్జ్ వైపు నిలబడాల్సి వచ్చింది ప్రిన్స్ ట్రస్టే. పిల్లలతో పనిచేసే సంస్థను కలుపుకునేటప్పుడు పాత ఫిర్యాదుల ఫైళ్లు, బీమా పత్రాలు ఎంత వెనక్కి దొరికితే అంత వెనక్కి చదవాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక గొడుగు పద్ధతి. ఇందులో చిన్న సంస్థ పెద్దదాని అనుబంధంగా చేరుతుంది, కానీ తన పేరు, తన గుమ్మం, తన మనుషులు ఉంటారు. ఖాతాలు, జీతాలు, కంప్యూటర్లు, సిబ్బంది నేపథ్య తనిఖీలు పెద్ద సంస్థ చూసుకుంటుంది. 1739లో థామస్ కోరమ్ వదిలేసిన పిల్లల కోసం స్థాపించిన ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే ఆశ్రమం వారసత్వంతో నడుస్తున్న కోరమ్ దీనికి మంచి ఉదాహరణ. చిల్డ్రన్స్ లీగల్ సెంటర్ 2011లో ఆ గుంపులో చేరింది. ముందు కోరమ్ అన్న మాట తగిలించుకుంది గానీ, పిల్లలకు న్యాయసహాయం చేసే సంస్థగానే ఉంది.

2015లో ఒకే వారం అటూ ఇటూగా జరిగిన రెండు సంఘటనలు ఈ విషయంలో నాకు బాగా గుర్తు. జులై చివర్లో దత్తత, పెంపుడు సంరక్షణ రంగంలో పేరున్న బాఫ్ అనే సంస్థ మూతపడింది. ఉద్యోగాలు పోయాయి, బాధ తప్పలేదు. అయినా దాని పనుల్లో చాలాభాగం కోరమ్ గొడుగు కిందికి చేరి కోరమ్‌బాఫ్ పేరుతో సాగింది. ఆగస్టు 5న లండన్‌లో కష్టాల్లో ఉన్న పిల్లలతో పనిచేసే కిడ్స్ కంపెనీ అనే స్వచ్ఛంద సంస్థ మూతపడింది. ప్రభుత్వం నుంచి 30 లక్షల పౌండ్ల గ్రాంటు అందిన కొద్దిరోజులకే. దాన్ని అందుకునే గొడుగు ఏదీ అక్కడ సిద్ధంగా లేదు. ఆ సంస్థ తప్పొప్పుల చర్చ వేరు. 2021లో లండన్ హైకోర్టు దాని ట్రస్టీలను అనర్హులుగా ప్రకటించడానికి ఒప్పుకోలేదు కూడా. నేను చూసేది మర్నాడు మూసిన తలుపు ముందు నిలబడ్డ పిల్లలనే.

గొడుగులో ఇబ్బందులూ ఉన్నాయి. రెండు బోర్డులు, రెండు ఆడిట్‌లు అలాగే ఉంటాయి కాబట్టి లెక్కల కాగితం చూపించినంత డబ్బు మిగలదు. మాతృసంస్థకు ట్రస్టీలను నియమించే అధికారం ఉంటుంది, ఏదో ఒకరోజు దాన్ని వాడుతుంది. అది ఎప్పుడు, దేనికి వాడవచ్చో చేరేనాడే కాగితం మీద పెట్టించుకోవాలి.

డబ్బు గురించి రెండు మాటలు, రెండు పద్ధతులకూ వర్తించేవి. ఒకే దాత రెండు సంస్థలకూ ఇస్తుంటే, కలిశాక రెండు గ్రాంట్లూ అలాగే వస్తాయని బడ్జెట్ వేయొద్దు. ముందే వెళ్లి అడగండి. ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే పాత సంస్థ పేరుతో వీలునామాలో ఎవరైనా రాసిన సొమ్ము కొత్త సంస్థకు చేరేందుకు చారిటీ కమిషన్ దగ్గర విలీనాల రిజిస్టరు ఉంది. అందులో నమోదు చేయించడం మరిచిపోవద్దు.

మిగతా దారులు: కలిసి ఒక ప్రాజెక్టు చేస్తామని ఒప్పందం రాసుకోవడం ఒకరినొకరు తెలుసుకోవడానికి బాగుంటుంది, అంతకుమించి ఏ కష్టాన్నీ తీర్చదు. ఆఫీసు ఒక్కటే పంచుకోవడం కూడా అంతే.

నన్ను అడిగినవాళ్లకు నేను చెప్పింది ఇది. ముందు గొడుగు కిందికి రండి, రెండేళ్లు చూడండి. ఇద్దరి జాబితాల్లోనూ అవే పిల్లల పేర్లు కనిపిస్తుంటే అప్పుడు పూర్తిగా ఒకటవ్వండి. చేతిలో మూడు నెలల జీతాలకు కూడా సరిపడా నిల్వ లేని సంస్థకు మాత్రం ఈ సలహా పనికిరాదు. అక్కడ రెండేళ్లు చూసే వ్యవధి లేదు, వెంటనే పూర్తిగా అప్పగించడమే పిల్లలకు మంచిది. ఏదైనా సరే, ఓటు వేసే ముందు బోర్డు ముందు ఒక జాబితా పెట్టించండి. ఒక వరుసలో పిల్లల పొడి అక్షరాలు, పక్క వరుసలో ఇప్పటి వర్కర్ పేరు, మూడో వరుసలో విలీనం తర్వాతి వర్కర్ పేరు. రెండో వరుసకూ మూడో వరుసకూ ఎన్నిచోట్ల తేడా ఉందో లెక్కపెట్టి, ప్రతి తేడాకూ కారణం అడగండి.

మా పాత నంబర్లు ఆ సంఘటన తర్వాత మళ్లీ తెరిపించాం, పాత వర్కర్ల ఫోన్లకు మళ్లేలా. వాటికి ఇప్పటికీ నెలనెలా కడుతున్నాం. పోయిన నెల అందులో ఒకదానికి ఫోన్ వచ్చింది.